శౌరయ్య బావ పొద్దుటి పలహారం

బెజవాడలో చాలామందికి ఉద్యోగాలుంటాయి. మా శౌరయ్య బావకి ఇంజను ఉండేది. ఆ తేడా తెలియాలంటే ఆయన బందరు ప్యాసింజరు దిగి ఇంటికొచ్చేటప్పుడు చూడాలి. మొహం నిండా బొగ్గు మసి, భుజం మీద నూనె మరకల తువ్వాలు, నడకలో మాత్రం కలెక్టరు దర్జా. రైల్వే క్వార్టర్ల వీధిలో పిల్లలు గోళీలాట ఆపి దారిచ్చేవాళ్లు. నేను వన్ టౌనులో ఎండుమిరపకాయల హోల్‌సేలు కొట్లో గుమాస్తాని. నన్ను చూసి ఎవరూ ఆట ఆపలేదు. తుమ్ముతారు, అంతే.

అక్క అమలమ్మని ఆయనకిచ్చినప్పుడు నేను నిక్కర్లో ఉన్నాను. అప్పట్నించీ బావ అంటే నాకు ప్రాణం. ఆయన మూర్ఖత్వం అంటే ఒళ్లు మంట. రెండూ కలిపే ఈ సంగతి చెబుతున్నాను.

అది డెబ్బై ఆరు వానాకాలం. బావకి నలభై ఆరు నిండాయి. ఇంజను నడిపేవాళ్లని ఆ వయసులో రైల్వే ఊరికే వదలదు, డాక్టరు పరీక్షకి పిలుస్తుంది. ప్యాసైతే ఇంజను. తప్పితే ఇంజన్ల షెడ్డులో ఏదో ఒక మూల కుర్చీ. జీతం వస్తుంది, క్వార్టరు ఉంటుంది, ఆకలికి లోటుండదు. కానీ మెయిలు నడిపిన సంజీవరావు గారు ఆ కుర్చీలో కూర్చుని, ఇంజను తుడుచుకునే నూలు పీచు తూకం వేసి ఇస్తుంటే చూసినవాడెవడూ ఆ కుర్చీ కోరుకోడు. ఆయనకి షుగరు తేలింది. బావ పీచు కోసం వెళ్లినప్పుడల్లా ఆయన నవ్వుతూ, "ఏం శౌరయ్యా, నా పక్కకి ఎప్పుడొస్తున్నావ్?" అనేవాడు. సరదాకే అనేవాడు, పాపం. ఆ సరదా బావకి నిద్ర పట్టనిచ్చేది కాదు.

పరీక్ష క్రిస్మసుకి ముందు ఉంటుందని తెలిసిన రోజున బావ అద్దం ముందు చొక్కా విప్పి నిలబడ్డాడు. బొజ్జని ఎడమ పక్కనించి ఒకసారి, కుడి పక్కనించి ఒకసారి చూసుకున్నాడు. ఎటునించి చూసినా అది అక్కడే ఉంది.

"దీనంతటికీ కారణం చద్దన్నం రా అంతోనీ," అన్నాడు నాతో.

పొద్దున్నే బావ తినే చద్దన్నం గురించి చెప్పాలి. పెద్ద కంచం నిండా అన్నం, దాని మీద గడ్డపెరుగు, పక్కన గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ. అది తిని ఇంజనెక్కితే గుడివాడ దాకా మనిషికి లోకంతో పని ఉండేది కాదు. మధ్యాహ్నం తినే చేపల పులుసు గురించి గానీ, రాత్రి కంచం గురించి గానీ బావ ఒక్క మాట అనలేదు. పొద్దుటి తిండి ఒక్కటీ సరైనదైతే మిగతా రోజంతా దానంతటదే దారిలో పడుతుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతాలు చేసేవాళ్లకి అడ్డం వెళ్లకూడదని నాకు అప్పటికే తెలుసు.

షెడ్డులో సలహాలకేం కరువు? సంజీవరావు గారు నానబెట్టిన పెసలు తినమన్నారు. తాను తినకుండానే చెడిపోయానని, ఇంకొకడైనా బాగుపడాలని ఆయన ఆశ. బావ వారం రోజులు గుప్పెళ్లకి గుప్పెళ్లు పెసలు నమిలాడు. ఆ వారం ఇంజనులో ఆయన పక్కన బొగ్గు వేసే ఫైర్‌మన్ సైదావలి అక్క ఇంటికొచ్చి మొర పెట్టుకున్నాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. ఆ పెసలు మానిపించు. బాయిలరు పొగైనా పీలుస్తాను గానీ, ఇంజన్లో నా వల్ల కావట్లేదు."

అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బావ నవ్వలేదు గానీ పెసలు మానేశాడు.

తర్వాత ఇడ్లీ. ఆవిరి మీద ఉడికింది, నూనె చుక్క ఉండదు, కడుపుకి తేలిక అని ఎవరో చెప్పారు. చెప్పినవాడు రెండు తినమని ఉంటాడు. బావ స్టేషను ఎదురు హోటల్లో కూర్చుని, తేలికే కదా అని ప్లేటు మీద ప్లేటు తెప్పించుకునేవాడు. ప్రతి ప్లేటు మీదా కారప్పొడి, దాని మీద నెయ్యి. నెయ్యి లేకుండా కారప్పొడి గొంతు దిగదు కదా మరి! నెల తిరిగేసరికి బెల్టుకి ఇంకో బెజ్జం పొడిపించుకోవలసి వచ్చింది. "హోటలు వాడు పిండిలో ఏదో కలుపుతున్నాడు," అని తేల్చాడు బావ.

అప్పుడాయనకి డిక్రూజు దొర గుర్తొచ్చాడు.

బావ కుర్రతనంలో ఫైర్‌మన్‌గా చేసినప్పుడు డిక్రూజు దొర డ్రైవరు. సన్నగా, వెదురు బద్దలా ఉండేవాడట. పొద్దున్నే బొగ్గు పార కడిగి, దాన్ని కొలిమి దగ్గర వేడిచేసి, దాని మీద బ్రెడ్డు ముక్కలు కాల్చుకుని, ఒక ఉడకబెట్టిన గుడ్డుతో తినేవాడట. అంతే పలహారం. రిటైరయ్యే రోజు దాకా ఇంజను మీదకి కుర్రాడిలా ఎగిరి ఎక్కాడట.

"బ్రెడ్డు రా! ఇన్నాళ్లూ నా బుర్రకి తట్టలేదు చూడు," అన్నాడు బావ, తల కొట్టుకుంటూ.

నేను ఆపాలని చూశాను. "బావా, బ్రెడ్డు రోగులు తినేది. జనం ఏమనుకుంటారు?"

"జనం కోసం తింటానా, నా కోసం తింటానా?" అని కసిరాడు.

ఈ కాలంవాళ్లకి ఇది అర్థం కాకపోవచ్చు. ఆ రోజుల్లో మా దగ్గర బ్రెడ్డంటే జ్వరం. బ్రెడ్డంటే టైఫాయిడు, కామెర్లు, కడుపు ఆపరేషను. ఒంట్లో బాగున్నవాడు బ్రెడ్డు ముట్టడు. బేకరీలో బ్రెడ్డు కొంటుంటే పక్కవాడు ముందు "ఎవరికండీ?" అని, తర్వాత "ఏ ఆసుపత్రి?" అని అడిగేవాడు. అలాంటి బ్రెడ్డుని మా బావ రోజూ సాయంత్రం డ్యూటీ దిగి, చంకలో పెట్టుకుని, వీధి మొత్తానికీ కనబడేలా ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

ఆశ్చర్యం ఏమిటంటే, బ్రెడ్డు పనిచేసింది. పొద్దున నాలుగు ముక్కలు పార మీద కాల్చుకోవడం, ఒక గుడ్డు, పంచదార లేని పాలు. అంత తక్కువ తిన్నాక ఆకలేసి చిరాకు వస్తుంది కాబట్టి ఆ చిరాకు పోగొట్టుకోవడానికి సాయంత్రాలు కాలవ గట్టున నడక. రెండు నెలల్లో బొజ్జ లోపలికి పోయింది. బుగ్గలు కూడా పోయాయి. మెడ కింద ఎముకలు బయటికొచ్చాయి. బావ అద్దం ముందు మురిసిపోతుంటే, వీధి వీధంతా ఆయన్ని చూసి నిట్టూర్చసాగింది.

ఒక పొద్దున పక్క క్వార్టరు ఆదెమ్మ గారు గోడ మీదనించి అక్కని పిలిచింది.

"వదినా, అడగొచ్చో లేదో గానీ... అన్నయ్యగారికి డాక్టర్లు ఏం చెప్పారు?"

"ఏం చెప్పడమేంటి వదినా? ఆయనకేం? నిక్షేపంలా ఉన్నారు."

ఆదెమ్మ గారు కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా దగ్గర దాచుకుంటావా? మా ఆయన పోయేముందు మూడు నెలలు బ్రెడ్డే తిన్నాడు. నాకు తెలీదా?"

ఇక చూడండి సంబడం. సాయంత్రానికి పరామర్శలు మొదలయ్యాయి. పరామర్శకి ఎవరూ ఉత్త చేతులతో రారు కదా! బత్తాయిలు, గ్లూకోజు డబ్బాలు, అన్నిటికంటే ఎక్కువగా బ్రెడ్డు. అక్క వంటింట్లో గిన్నెలకి చోటు లేకుండా పోయింది. వచ్చినవాళ్లు మంచం మీద బావ కనబడకపోతే నిరాశపడేవాళ్లు. నడకకి వెళ్లారని చెబితే, "ఈ పరిస్థితుల్లో నడవనిస్తున్నావా తల్లీ!" అని అక్కని కోప్పడేవాళ్లు. బావ తిరిగొచ్చి, "నాకేం జబ్బు లేదండీ, ఇది ఆరోగ్యం కోసం," అంటే తలలూపేవాళ్లు. ధైర్యం గల మనిషి అని బయటికెళ్లి చెప్పుకునేవాళ్లు.

అక్క మొదట్లో నవ్వింది, తర్వాత విసుక్కుంది. కొన్నాళ్లకి ఆమెకే అనుమానమొచ్చింది. "తమ్ముడూ, నిజం చెప్పు. మీ బావ నా దగ్గర ఏమైనా దాస్తున్నారా?" అని అడిగి, గుణదల కొండకి చెప్పుల్లేకుండా నడిచి వస్తానని మేరీమాతకి మొక్కుకుంది.

ఆ ఆదివారం గుడిలో పూజ మధ్యలో ఫాదరు గారు ప్రార్థనలు చదువుతూ, "తీవ్రమైన వ్యాధితో బాధపడుతున్న మన సహోదరుడు శౌరయ్య కొరకు ప్రార్థిద్దాం," అన్నారు. మా విచారణలో, అంటే ఆ ఫాదరు గారి కింద ఉన్న ఇళ్లన్నిటిలో, శౌరయ్యలకేం కొదవ? రాయి విసిరితే ఒక శౌరయ్యకి తగులుతుంది. ఆ శౌరయ్య ఎవరో పాపం అనుకుని మా బావ మూడో వరసలో నిలబడి, "ప్రభువా, మా మొర ఆలకించుము," అని అందరికంటే గట్టిగా అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క తల దించుకుంది. నేను కాళ్లకేసి చూసుకున్నాను.

మంగళవారం ఫాదరు గారు నూనె బుడ్డి పట్టుకుని ఇంటికే వచ్చారు, అవస్థ అభ్యంగనం ఇవ్వడానికి. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి నుదుట నూనె రాసి ప్రార్థన చేస్తారు, అదన్నమాట. బావ అప్పుడే పెరట్లో గుంజీలు తీసి, చెమటలు కక్కుతూ లోపలికి వచ్చాడు.

"పడుకో నాయనా, పడుకో," అన్నారు ఫాదరు గారు కంగారుగా. "ఎంత చెమట పట్టిందో!"

"ఫాదర్, నేను బానే ఉన్నానండీ!"

"అందరూ అలాగే అంటారు. మొండికేయకు."

అదే సమయానికి కంకిపాడు బస్సు దిగి, చంకలో నాటుకోడితో మా అమ్మ తెరేసమ్మ గుమ్మంలో అడుగుపెట్టింది. ఎవరో చెబితే పొలం పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఫాదరు గారి చేతిలో నూనె చూసి కోడిని వదిలేసి శోకం పెట్టింది. కోడి మంచం కిందికి దూరింది. అరగంట పట్టింది ఇంట్లో అందర్నీ శాంతపరచడానికి, కోడితో సహా. మా అమ్మ తేరుకుని అల్లుడి డొక్కలు తడిమి చూసింది.

"జబ్బు లేకపోతే అన్నం ఎందుకు మానేశావు నాయనా? నా కూతురికి వండటం రాదనా?" అని అడిగింది. బావ కోడిని చంకలో పెట్టుకుని పెరట్లోకి తప్పుకున్నాడు.

వీధి నిట్టూరిస్తే నిట్టూర్చింది, మా అమ్మ ఏడిస్తే ఏడ్చింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆదివారం ప్రార్థన సంగతి షెడ్డుకి చేరింది. ఫోర్‌మన్ మంచివాడే, భయస్తుడు. "జబ్బు మనిషి చేతికి బండి ఇచ్చి నేను ఇరుక్కోవాలా?" అని బావని డ్యూటీలోంచి దించేశాడు. క్రిస్మసుకి ముందు జరగాల్సిన పరీక్షకి వచ్చే సోమవారమే హాజరవమన్నాడు. పైగా రోగి కాబట్టి తోడు ఒక మనిషి ఉండాలని ఆర్డరు.

ఇంజను దించాక బావ రెండు రోజులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇంట్లో తిరిగాడు. మూడో రోజుకి మాత్రం కోలుకున్నాడు.

"మంచిదే రా. ఒళ్లు ఇప్పుడున్నంత బాగా ఎప్పుడూ లేదు. ఇప్పుడే పిలవడం మన అదృష్టం. ఆ రోజు పొద్దున కూడా నాలుగు ముక్కలూ, ఒక గుడ్డు. మారిస్తే చెడుతుంది."

సోమవారం నేను సెలవు పెట్టి, రోగికి తోడు మనిషిగా వెళ్లాను. నడుస్తుంటే రోగి వెనక పడి నేనే రొప్పుతున్నాను.

ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ. చిన్న వయసు, నిదానంగా మాట్లాడే మనిషి. బావ బరువు చూసింది, బీపీ చూసింది, ఒంటేలు పరీక్ష చేయించింది. మెట్లెక్కించి దించి గుండె విన్నది. కాగితం మీద రాసుకుంటూ తల పైకెత్తింది.

"శౌరయ్య గారూ, మీకు నలభై ఆరంటే నమ్మలేకపోతున్నానండీ. ఇరవై అయిదేళ్ల కుర్రాడి గుండె. షుగరు లేదు, బీపీ లేదు. పొద్దున పలహారం ఏం చేస్తారు?"

అయిపోయింది! బావ ఛాతీ విరుచుకుని మొదలుపెట్టాడు. చద్దన్నం నుంచి పెసల దాకా, ఇడ్లీ హోటలు వాడి మోసం నుంచి డిక్రూజు దొర పార దాకా ఏదీ వదల్లేదు. డాక్టరమ్మ ఓపిగ్గా విని, "మిగతా డ్రైవర్లకి కూడా చెప్పండి," అంది. బావ వెనక్కి తిరిగి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఆ క్షణాన నేను కూడా, పోనీలే, మనిషి గెలిచాడు, రేపట్నించి నేనూ బ్రెడ్డే తింటాననుకున్నాను.

"ఇక కళ్లు ఒక్కటే," అంది ఆవిడ. "అక్కడ నిలబడి ఆ గోడ మీద అట్ట చదవండి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కళ్ల పరీక్షంటే షెడ్డులో ఎవరికీ భయం లేదు. ఆ ఆసుపత్రి గోడ మీద ఇంగ్లీషు అక్షరాల అట్ట ఎవరి పుణ్యమో గానీ ఏళ్ల తరబడి మారలేదు. పాత డ్రైవర్లు కొత్తవాళ్లకి నేర్పేవాళ్లు, మా ఇళ్లల్లో పిల్లలకి జపాలు నేర్పినట్టు. ఫైర్‌మన్‌గా చేరినవాడికి బొగ్గు వెయ్యడం రాకముందే ఆ అట్ట కంఠతా వచ్చేసేది. అందుకే అందరి బెంగా షుగరు మీద, బొజ్జ మీద, గుండె మీద. కళ్ల గురించి మా బావ ఏనాడూ ఒక్క మాట అనగా నేను వినలేదు.

బావ నిటారుగా నిలబడి, ఒక కన్ను మూసుకుని, ఒక్క గుక్కలో ఏకరువు పెట్టాడు. "ఈ... ఎఫ్, పీ... టీ, ఓ, జెడ్... ఎల్, పీ, ఈ, డీ..." అన్నిటికంటే కింది వరస, చీమ తలకాయలంత అక్షరాలు కూడా తడబడకుండా అప్పజెప్పి, కన్ను తెరిచి నవ్వాడు.

నేను గోడకేసి చూశాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "శౌరయ్య గారూ, అది పాత అట్టండీ. పోయిన నెల తీసేయించాను," అంది మెల్లగా. "ఇప్పుడక్కడున్నవి అంకెలు."

బావ గోడకేసి తిరిగాడు. ఒక అడుగు ముందుకేశాడు. ఇంకొకటి వేశాడు. మూడో అడుగు వేశాక, "ఏడు," అన్నాడు, చాలా చిన్న గొంతుతో. అన్నిటికంటే పైన, అరచెయ్యంత ఉన్న అంకె అది.

ఆవిడ లోపలి గదిలోకి తీసుకెళ్లి దీపం వేసి కళ్లు చూసింది. కంటి వెనక నరం చాలాకాలంగా బలహీనపడుతోందట. దగ్గరివి ఎలాగో పోల్చుకోగలుగుతున్నాడు గానీ, దూరం బాగా పోయింది. అద్దాలకి లొంగేది కాదట. మిగతా ఒళ్లంతా బాగుంది కాబట్టి రిటైరయ్యేదాకా ఆఫీసు పని ఏదైనా హాయిగా చేసుకోవచ్చని ఓదార్పుగా చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షా ఏలూరు కాలవ వంతెన మీదకొచ్చేసరికి నాకు కోపం ఆగలేదు.

"బావా, పోయిన నెల కూడా నా పిల్లలు నీ బండిలోనే గుడివాడ వెళ్లారు. దూరం కనబడకపోతే సిగ్నళ్లు ఎలా చూశావు?"

బావ తన అరచేతుల్లోకి చూసుకుంటున్నాడు. "రూలు ప్రకారం సిగ్నలు వచ్చినప్పుడు ఇద్దరం పైకి చెప్పాలి రా. సైదావలి 'సిగ్నలిచ్చాడు' అంటాడు. నేనూ 'ఇచ్చాడు' అంటాను. వాడు 'లేదు' అంటే నేనూ 'లేదు' అని బ్రేకు వేస్తాను. మొదట్లో ఇద్దరం ఒకేసారి అనేవాళ్లం. తర్వాత తర్వాత వాడే ముందు అంటున్నాడు. కుర్రాడు చురుగ్గా ఉన్నాడనుకున్నాను." అరచేతులు మూసుకున్నాడు. "మబ్బు పట్టిందనుకున్నాను రా. పొగ అనుకున్నాను. నా కళ్లు అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఒట్టు."

ఆయన్ని తిట్టాలనుకున్నవాణ్ణి, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. పిల్లల్ని తలుచుకుంటే మాత్రం ఒళ్లు జలదరించింది. అది దాచను.

ఫెయిలయ్యాడన్న కబురు మాకంటే ముందే వీధికి చేరింది. ఆ సాయంత్రం ఒక్కళ్లు రాలేదు. జబ్బు లేదని డాక్టరే చెప్పాక ఇంకేం పరామర్శ? ఆదెమ్మ గారైతే గోడ దగ్గరికొచ్చి, "గండం గడిచింది వదినా, దేవుడు గొప్పవాడు," అని అక్క చెయ్యి పట్టుకుని సంతోషపడింది. సైదావలి ఒక్కడే వచ్చాడు. గేటు దగ్గరే నిలబడి ఏడ్చాడు.

"సిగ్నలు నేను ముందు చెప్పకుండా ఉంటే అప్పుడే తెలిసేది కదన్నా," అన్నాడు.

"నువ్వు చెప్పకపోతే బండి గుద్దుకున్నాకే తెలిసేది, ఎవరూ మిగిలేవాళ్లు కాదులే రా," అని బావ వాడి భుజం తట్టి లోపలికొచ్చాడు.

అన్నాలయ్యాక అక్క ఎప్పటిలాగే అడిగింది. నెలల తరబడి రోజూ అడుగుతున్న మాటే.

"ఏమండీ, పొద్దున్నే ఏం పెట్టమంటారు?"

ఆ ప్రశ్నకి ఎప్పుడూ ఉపన్యాసం ఇచ్చే మనిషి ఖాళీ కంచం పక్కకి జరిపాడు.

"నీ ఇష్టం అమలా. కుర్చీలో కూర్చోబోయేవాడికి ఏదైతేనేం?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు. "ఇరవై అయిదేళ్ల గుండె అందిరా ఆవిడ. ఇంకా ముప్పై ఏళ్లయినా కొట్టుకుంటుంది. అన్నాళ్లూ నేనేం చెయ్యాలి?"

నేను చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను.